స్మాల్‌బ్లాక్ వి8: ఇంటి షెడ్డులో కొనసాగిన ఒక ఇంజను చరిత్ర

అమెరికాలో షెవ్రొలే సంస్థ 1955 మోడలు కార్లలో ప్రవేశపెట్టిన 265 ఘనపు అంగుళాల (4.3 లీటర్ల) ఇంజనులో పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 4.4 అంగుళాలు, అంటే సుమారు 112 మిల్లీమీటర్లు. నాలుగేసి సిలిండర్ల వరుసలు రెండు 90 డిగ్రీల కోణంలో ఒరిగి ఉండే, స్మాల్‌బ్లాకు అని పిలిచే ఈ వి8 ఇంజనుకు తరవాతి దశాబ్దాల్లో పిస్టన్లు, హెడ్లు, ఇంధనం అందించే పద్ధతి, చివరికి బ్లాకు పోతపోసే లోహం కూడా మారిపోయినా ఆ 4.4 అంగుళాల కొలత మారలేదు. మజిల్ కార్లుగా పేరుపడ్డ ఆనాటి బండ్లను ఈనాటికీ సొంత షెడ్డులో విప్పి, బాగుచేసి, మొదటికంటే మెరుగుపరచడం సాధ్యమవుతున్నదంటే దానికి యజమానుల అభిమానం ఎంత కారణమో ఇలా కొలతలు మారకపోవడం అంతకు మించిన కారణం.

ఈ ఇంజను రూపకల్పనకు నాయకత్వం వహించిన ఎడ్ కోల్ అంతకుముందు అదే మాతృసంస్థకు చెందిన కాడిలాక్ విభాగంలో 1949 నాటి వి8 మీద పనిచేసి, 1952లో షెవ్రొలేకు చీఫ్ ఇంజనీరుగా వచ్చాడు. ఖరీదైన కార్లకే పరిమితమైన ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్య కుటుంబం కొనగల కారులో పెట్టాలంటే దాన్ని చిన్నదిగా, తేలికగా, చవకగా చేయక తప్పదు. అందుకే బ్లాకు గోడలను పలచగా పోతపోశారు. వాల్వులను నొక్కే రాకర్లకు, అంటే క్యామ్ షాఫ్టు నుంచి పైకి వచ్చే కదలికను తిప్పి వాల్వు మీదికి దించే చిన్న మీటలకు, సంప్రదాయంగా ఉండే పొడవైన ఇరుసును తీసేసి, ఉక్కురేకును అచ్చుగుద్ది చేసిన రాకరును ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క బోల్టు మీద విడిగా నిలబెట్టారు. ఈ ఆలోచన అదే మాతృసంస్థలోని పాంటియాక్ విభాగానిది. రాకర్లకు ఆయిలు చేరవేయడానికి వేరే గొట్టాలు పెట్టకుండా పుష్‌రాడ్లనే బోలుగా చేసి ఆ పని కూడా వాటికే అప్పగించారు. పొదుపు ఒక్కోచోట హద్దు దాటింది కూడా. మొదటి ఏడాది బ్లాకుల్లో ఆయిల్ ఫిల్టరు బిగించడానికి చోటే లేదు.

ఆ తరవాత ఇంజను త్వరగా ఎదిగింది. 1957లో 283 ఘనపు అంగుళాల రూపంలో, కార్బురేటరుకు బదులు ఇంధనాన్ని చిమ్మే పద్ధతితో 283 హార్స్‌పవరు అందుకుంది. 1962లో 327, 1967లో 350 వచ్చాయి. ఈలోగా 1964లో పాంటియాక్ విభాగం మధ్యరకం బండిలో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజను పెట్టి జీటీవో పేరుతో అమ్మడంతో, సాధారణమైన శరీరంలో అసాధారణమైన శక్తిని దాచిన బండ్ల యుగం మొదలైంది. షెవ్రొలే స్మాల్‌బ్లాకుకు ఆ యుగంలో దొరికిన ప్రధాన నివాసం 1967 మోడలుగా వచ్చిన కమారో.

పతనం అంతకంటే త్వరగా వచ్చింది. సీసం తక్కువగా ఉండే పెట్రోలుతో నడవాలని 1971లో కంప్రెషన్ తగ్గించారు. 1972లో హార్స్‌పవరు లెక్కించే పద్ధతి మారింది. అంతవరకు సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు లేకుండా ఇంజనును బల్ల మీద పెట్టి కొలిచిన అంకెలను ప్రకటించేవారు. ఇప్పుడు అన్నీ తగిలించి కొలవవలసి వచ్చింది. షెవ్రొలే 1970 మోడలు కార్వెట్ కారులో ఎల్‌టీ-1 అనే 350 ఇంజనుకు 370గా ఉన్న అంకె 1972లో 255కు దిగడానికి ఈ రెండూ కారణాలే కాబట్టి, పోయిన గుర్రాలలో చాలా భాగం మొదటినుంచీ కాగితం మీదివే అనుకోవాలి. కానీ పొగ నియంత్రణ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం, పెరిగిన బీమా రుసుములు కలిసి చేసిన దెబ్బ మాత్రం కాగితం మీది కాదు. 1975 కార్వెట్‌లో మామూలు ఇంజను 165 హార్స్‌పవరుకు పరిమితమైంది.

అలా మూలపడ్డ బండ్లే ఇప్పుడు షెడ్లకు చేరుతున్నాయి. పనిలో మొదటి శత్రువు తుప్పు. కమారోలో అది ముందు అద్దం కింది భాగంలో, వెనక చక్రాల పైరేకుల దిగువన, డిక్కీ అడుగున నీరు నిలిచే చోట్ల చేరుతుంది. తుప్పు పట్టిన మేరకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలే తప్ప పుట్టీ పెట్టి రంగు వేస్తే అది రెండేళ్ళలో మళ్ళీ పొంగుతుంది.

ఇంజను దింపి హెడ్లు విప్పాక సిలిండరు లోపలి గోడ మీద గోరు కిందినుంచి పైకి జరిపితే పైఅంచుకు కాస్త దిగువన ఒక సన్నని గట్టు తగులుతుంది. పిస్టను పైరింగు ఎక్కడివరకు వెళ్ళి వెనుదిరుగుతుందో అక్కడ పేలుడు ఒత్తిడి ఎక్కువ, ఆయిలు తక్కువ కనుక అరుగుదల అక్కడే అధికం. రింగు ఎన్నడూ తాకని పైభాగం అరగక గట్టుగా మిగిలిపోతుంది. అరుగుదల పరిమితి దాటితే బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. సాధారణంగా 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట 30 వంతులు పెంచుతారు.

కొలతలు మారకపోవడం వల్ల ఒనగూరిన ప్రయోజనం ఇక్కడే బాగా తెలుస్తుంది. 1970లో వచ్చిన 400 ఘనపు అంగుళాల ఇంజను క్రాంక్ షాఫ్టుకు స్ట్రోకు, అంటే పిస్టను కింది నుంచి పైకి కదిలే దూరం, 3.75 అంగుళాలు, 350 ఇంజనుకు అది 3.48 మాత్రమే. 30 థౌ బోరు చేసిన 350 బ్లాకులో, మెయిన్ బేరింగుల దగ్గర లేత్ మీద 2.65 నుంచి 2.45 అంగుళాలకు తగ్గించిన 400 క్రాంకును పెడితే 383 ఘనపు అంగుళాల ఇంజను తయారవుతుంది. షెడ్లలోనూ లేత్ దుకాణాల్లోనూ పుట్టిన ఈ కలయిక ఎంత ప్రచారం పొందిందంటే దానికోసమే సిద్ధంగా చేసిన క్రాంకులు మార్కెట్లోకి వచ్చాయి. అలాగే 1996 నుంచి షెవ్రొలే ట్రక్కులకు వేసిన వోర్టెక్ హెడ్లు, గాలి దారులు మెరుగ్గా ఉన్నందున, పాతిక ముప్ఫై ఏళ్ళ పాత బ్లాకుల మీదికి కూడా ఎక్కుతున్నాయి. వాటికి తగిన ఇన్‌టేక్ మానిఫోల్డు కూడా మార్చుకోవాలి.

ఇదే బ్లాకు దగ్గర ఒక ధర్మసంకటం ఉంది. కుడివైపు హెడ్డుకు ముందు, బ్లాకు పైతలం మీద కర్మాగారంలో గుద్దిన అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అవి ఆ బండితో సరిపోలితే మార్కెట్లో విలువ చాలా ఎక్కువ. వంకరపోయిన పైతలాన్ని చదును చేయాలంటే మిషను ఆ అంకెలనూ తుడిచేస్తుంది. ఇంజను మేలు కోరితే బండి విలువ పోతుంది. ఇందుకే చాలామంది అసలు బ్లాకుకు ఆయిలు పూసి ఓ మూల భద్రపరచి, నడపడానికి వేరే ఇంజను కట్టుకుంటారు. ఆ పద్ధతిలోనే వివేకం ఉంది.

పాత పెట్రోలులోని సీసం వాల్వు సీట్ల మీద పలచని పొరగా నిలిచి అరుగుదలను ఆపేది. అది లేని నేటి పెట్రోలుకు గట్టిపరచిన ఉక్కు సీట్లు దిగ్గొట్టించాలి. క్యామ్ షాఫ్టు సంగతి ఇంకా సున్నితం. దాని గుబ్బల మీద రాపాడే ట్యాపెట్లకు జింకు, ఫాస్ఫరస్ కలిసిన సమ్మేళనాలు ఆయిలులో తగినంత ఉండాలి. కాని ఫాస్ఫరస్ పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది కాబట్టి కొత్త ఆయిళ్ళలో దాన్ని తగ్గించారు. కొత్త క్యామ్ వేసి మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఇంజనును ఐడ్లింగులో వదలకుండా ఇరవై నిమిషాలపాటు 2,000 ఆర్‌పీఎం దగ్గర నడపాలన్న నియమం కూడా ఇందుకే: గుబ్బలకు ఆయిలు అందేది క్రాంకు తిరుగుతూ చిమ్మడం వల్ల, క్రాంకు నెమ్మదిగా తిరిగితే ఆ చిమ్మడం చాలదు.

ఇగ్నిషన్‌లోని పాయింట్లు, కండెన్సరు పాత అంబాసిడరు నడిపిన తెలుగు పాఠకులకు కొత్తవి కావు. వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరం పెట్టడం గంట పని. కార్బురేటరు తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టడం మాత్రం గంటలో తేలదు. ఎగ్జాస్టులో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సరు ఆధారంగా కంప్యూటరు గాలి-పెట్రోలు నిష్పత్తిని సరిచేస్తుంది. అయితే పాత పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి ఆరేడు పౌండ్లే కాగా దీనికి అంతకు అనేక రెట్లు కావాలి. పాత ట్యాంకులో లోపలి అడ్డుగోడలు లేనందున మలుపులో పెట్రోలు ఓ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. కాబట్టి ట్యాంకు, పైపులు, పంపు అన్నీ మార్చవలసిందే.

ఇంత శక్తి కూడగట్టేముందు బ్రేకులు చూడాలన్నది అనుభవజ్ఞుల మాట, తరచు విస్మరించే మాట కూడా. 1966 వరకు చాలా అమెరికన్ కార్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే ఆయిలు మార్గం ఉండేది. ఒక్క పైపు పగిలితే నాలుగూ పోయేవి. ముందు చక్రాలకు డిస్కులు, రెండు మార్గాల మాస్టర్ సిలిండరు వేయడం తొలి పని కావాలి. గేరుబాక్సు మార్పిడి తేలికే, ఎందుకంటే ఇంజను వెనక బోల్టుల అమరిక కూడా 1955 నుంచి ఒక్కటే. 3.73 నిష్పత్తి ఇరుసు, 26 అంగుళాల టైర్లు ఉన్న బండి టాప్ గేరులో 110 కిలోమీటర్ల వేగంతో వెళితే ఇంజను దాదాపు 3,300 ఆర్‌పీఎం తిరుగుతుంది, 0.70 నిష్పత్తి ఉన్న ఓవర్‌డ్రైవ్ గేరు చేరిస్తే అది 2,300కు దిగుతుంది.

1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్-1 ఇంజను పేరుకే స్మాల్‌బ్లాకు. అల్యూమినియం బ్లాకు, సిలిండరుకో కాయిలు, మారిన పేలుడు క్రమం ఉన్న దానిలో పాతదాని నుంచి నిలిచిన ముఖ్యమైన కొలత 4.4 అంగుళాలే. అయినా కొత్తవాటినీ కలిపే లెక్కవేసి, పది కోట్లవ స్మాల్‌బ్లాకును తయారుచేసినట్టు కంపెనీ 2011లో ప్రకటించింది. 2020లో అదే కంపెనీ 1977 నాటి కే5 బ్లేజర్ బండి నుంచి 175 హార్స్‌పవరు ఇచ్చే 400 ఘనపు అంగుళాల స్మాల్‌బ్లాకును దించి, 200 హార్స్‌పవరు విద్యుత్ మోటారు ఎక్కించి ప్రదర్శించింది. మోటారు వెనక గేరుబాక్సును కూడా మార్చినా, అక్కడినుంచి చక్రాలదాకా పాత యంత్రాంగాన్ని మాత్రం అలాగే ఉంచింది.