ఒకటిన్నర సెంటు

కవరైపేట్టై అనగానే మీలో కొందరికి 2024 అక్టోబరులో బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ గూడ్సు బండిని ఢీకొన్న సంగతి గుర్తుకు రావచ్చు. మాకు మాత్రం అది తాత ముత్తాతల నాటి ఊరు. చెన్నై సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి వెళ్ళే లోకల్ రైల్లో సుమారు నలభై కిలోమీటర్లు. తమిళనాట మన బలిజలను కవరైలంటారు. మా ఊరి పేరులో వినిపించేది ఆ మాటే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా పెద్దల నుంచీ ఇంతే.

మొన్న వేసవిలో మా అబ్బాయి డాలస్ నుంచి ఫోను చేశాడు. "నాన్నా! టి.నగర్‌లో మంచి లగ్జరీ ఫ్లాటు అమ్మకానికి ఉంది. ఊళ్ళో ఇల్లూ, తోటా అమ్మేసి, తక్కువైతే నేను కలుపుతాను. మీరిద్దరూ అక్కడ సుఖంగా ఉండండి" అన్నాడు. వాడి బెంగ నాకు తెలుసు. వాళ్ళమ్మకు ఒకసారి గుండె నొప్పి వచ్చింది. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని చెన్నై చేరేసరికి తెల్లవారింది. ఆ రాత్రి తర్వాత వాడు నిశ్చింతగా నిద్రపోయిన రోజు లేదు.

సరే చూద్దామని ఇద్దరం బయలుదేరాం. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలెక్కి మాంబళంలో దిగాం.

టి.నగర్ నాకు కొత్త కాదు. 1962లో మా తాతయ్య చెయ్యి పట్టుకుని మొదటిసారి వెళ్ళాను. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారు. పక్కనే పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా మనవారే. జి.ఎన్. చెట్టి రోడ్డూ అంతే. నాగయ్యగారి వాణీమహల్ అక్కడే. బజుల్లా రోడ్డులో ఎన్.టి.రామారావుగారి ఇంటి ముందు, తిరుపతి యాత్ర ముగించుకుని వచ్చిన బస్సులు బారులు తీరి ఉండేవి. మా తాతయ్య స్నేహితుడొకాయనకు పక్క వీధిలో బంగళా ఉండేది. ముందు వేపచెట్టు, వెనక బావి. 'మద్రాసు మనదే' అన్న రోజుల మనిషి మా తాతయ్య. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డా మద్రాసు రాలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్ళింది. మా ఊరు మాత్రం కదలలేదు. "రాష్ట్రం ఏదైతేనేంరా, కాళ్ళ కింద నేల మనదైతే చాలు" అనేవాడాయన.

ఫ్లాటు చూపించిన కుర్రవాడిది నాయుడుపేట. మా మాట వినగానే "రండి అంకుల్" అంటూ మురిసిపోయాడు. చలువరాతి హాలు, వేలిముద్ర పెడితే తెరుచుకునే తలుపు, మేడ మీద ఈతకొలను, కింద జిమ్ము. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. వంటింట్లో పొగ పీల్చే యంత్రం దగ్గర మా ఆవిడ చాలాసేపు నిలబడింది. ముప్పయ్యేళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మనిషి మరి!

ధర నాలుగు కోట్ల పైమాట. కాగితాలు అడిగాను. పత్రికలో వేసిన ప్రకటనలో 1,800 అడుగులు. గోడల మధ్య మనం నడవగలిగే కార్పెట్ ఏరియా 1,260. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, వరండాల లెక్క. 2016 నాటి రెరా చట్టం ప్రకారం అమ్మకం ఈ కార్పెట్ లెక్క మీదే జరగాలి.

"భూమి వాటా ఎంత నాయనా?" అన్నాను.

"అన్‌డివైడెడ్ షేరు 640 అడుగులు అంకుల్."

పల్లెటూరి వాణ్ణి కదా, మనసులో సెంట్లలోకి మార్చుకున్నాను. సెంటుకు 435 అడుగుల పైచిలుకు. అంటే ఒకటిన్నర సెంటు! అదీ గీత గీసి ఇదిగో నాదని చూపించలేనిది, అందరితో కలిసి ఉన్నది. ఊళ్ళో ఇరవై రెండు సెంట్ల ఇల్లూ, మా నాన్న నాటిన మామిడితోటా ఇచ్చేసి కొనుక్కునేది అది. కట్టడం ఏటేటా పాతబడుతుంది. విలువ పెరిగేది కింద ఉన్న నేలకే.

కిటికీలోంచి కిందికి చూస్తే ఆ వీధి నాకు తెలిసినట్టే అనిపించింది. వేపచెట్టు లేదు. 1920ల్లో పెద్ద చెరువును పూడ్చి వేసిన పేట అది. నీరు దారి మరిచిపోదు. 2021 నవంబరు వానలకు ఆ వీధుల్లో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి.

తిరిగి వస్తూ రైల్లో "వద్దని చెప్పేద్దామా?" అన్నాను. మా ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. పొన్నేరి దాటాక అంది, "మీకు నేల కావాలి. నాకు డాక్టరు దగ్గర్లో ఉండాలండీ. ఈతకొలను నాకెందుకు?"

నేను లెక్కలన్నీ వేశాను గానీ ఈ లెక్క వేయలేదు. ఆ రాత్రి కారులో ఊపిరాడక కూర్చున్నది ఆవిడ, నేను కాదు.

తర్వాత రెండు నెలలు తిరిగాం. అదే టి.నగర్‌లో రెండు గ్రౌండ్ల స్థలంలో ఎనిమిదిళ్ళున్న పాత కట్టడం. కింది వాటా, 850 అడుగులు. హంగులేమీ లేవు. భూమి వాటా మాత్రం 600 అడుగులు. ధర ఆ లగ్జరీ ఫ్లాటులో సగం కూడా లేదు. ముప్పయ్యేళ్ళ ఈ.సి. తీయించి, మూల పత్రం వకీలుకు చూపించి, వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఇస్త్రీ బండి అతణ్ణి అడిగి తెలుసుకున్నాం. వకీలుకన్నా అతనే వివరంగా చెప్పాడు. ఇలాంటి పాత కట్టడాన్ని పడగొట్టి తిరిగి కట్టాలంటే యజమానుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని తమిళనాడు 2022లో చేసిన చట్టం చెబుతోంది. కాబట్టి ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళో కూడా చూసుకోవాలి.

తోట అమ్మాం. ఇల్లు అమ్మలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం వణికింది. మా నాన్న బిందెలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. కొన్నాయన మంచివాడే, ఈ ఏడు కాపు మమ్మల్నే కోసుకోమన్నాడు.

అమెరికాలోనో, మరో దేశంలోనో ఉండి ఇక్కడి తల్లిదండ్రులకు ఇల్లు కొనాలనుకునే పిల్లలకు నాదొక మనవి. రంగుల ఫొటోలు చూసి తొందరపడకండి. నాన్నను భూమి వాటా ఎంతో కనుక్కోమనండి. అమ్మను మాత్రం, ఆమెకు ఏం కావాలో విడిగా అడగండి.

మేమిప్పుడు వారంలో ఐదు రోజులు టి.నగర్‌లో, రెండు రోజులు ఊళ్ళో. మా మామిడికాయలు పోయినవారం ఎనిమిదిళ్ళకూ పంచింది మా ఆవిడ. అందులో మూడిళ్ళవాళ్ళు తెలుగువాళ్ళేనట. పై వాటా వాళ్ళు ఆవకాయ పెట్టి, మాకూ ఒక జాడీ పంపించారు.