చెరువు గాలం, సముద్రపు గాలం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గాలం పట్టడం చాలామంది ముందుగా చెరువు గట్టునే నేర్చుకుంటారు. ధర్మపురి దగ్గర గోదావరి, సిరిసిల్ల పక్కన మానేరు, శ్రీరాంసాగర్ నుంచి కోరుట్ల వైపుగా సాగే వరద కాలువ కూడా ఉన్నాయి. సెలవులకు సముద్రతీరానికి వెళ్లేవారికి చెరువు గట్టున నేర్చిన చదువే అక్కరకొస్తుంది.

సామాను కొంచెమే: వెదురు కట్టె, నైలాన్ దారం, కొక్కెం, సీసపు గుండు, బెండు. కిటుకంతా బెండులో ఉంది. బొచ్చె పైనీటిలో, రవ్వ నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేస్తాయి. బెండును కొక్కేనికి దూరంగా జరిపితే ఎర లోతుకు దిగుతుంది, దగ్గరికి జరిపితే పైనే ఆగుతుంది. చేప ఎరను ముట్టి చూస్తున్నప్పుడు బెండు వణుకుతుంది. అప్పుడే లాగితే ఎర పోతుంది, చేపా పోతుంది. బెండు మునిగి పక్కకు జారినప్పుడు లాగాలి. ఈ చేపలకు పిండి ముద్దలు, ఎర్రలు చాలు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు మాత్రం బతికున్న చిన్న చేపో, కప్పో కావాలి. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి గడ్డి, తామరాకుల మధ్య నీరు కదిలిన చోట గాలం వేస్తారు.

అయితే చెరువులో చేప ఎవరిదంటే వారిది కాదు. చేపపిల్లలను వదిలి పెంచేది మత్స్య సహకార సంఘాలు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను ఇస్తున్నా, కాపలా కాసి వలలు లాగేది ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలే. సంఘం వారిని అడిగాకే గాలం వేయడం న్యాయం. 25 టీఎంసీలకు పైగా నీరు పట్టే మధ్య మానేరు జలాశయానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ లోతు ఎక్కువ, గట్టు దిగకపోవడం మేలు.

ధర్మపురిని తాకిన గోదావరిలో ఒక పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి చోట, ఉప్పుటేరు ఒడ్డున కొత్తవారు గాలం మొదలుపెట్టడం మంచిది. నీరు నెమ్మదిగా ఉంటుంది, పండుగప్ప కూడా దొరుకుతుంది. తీరం నుంచి వేయాలంటే బరువైన సీసం, పొడవాటి కర్ర, రీలు కావాలి. చెరువులో లేని ఆటుపోట్లను ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. పోటు ఎక్కేటప్పుడు చేప ఒడ్డుకు దగ్గరవుతుంది, అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. కొన్ని తీర గ్రామాల్లో అలివి వలను తెల్లవారుజామున ఒడ్డుకు లాగుతారు. అడిగితే తాడు పట్టనిస్తారు, వలలో కవ్వళ్లు, కానాగంతలు తళతళలాడుతూ వస్తాయి. వంజరం కోసం మాత్రం పడవ ఎక్కాలి. మత్స్యకారులతోనే, లైఫ్ జాకెట్ వేసుకునే వెళ్లాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వేసవి సెలవులు దాదాపుగా అందులోనే పడతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. పడవలో వేటకు వెళ్లాలనుకునే కుటుంబానికి సంక్రాంతి సెలవులే అనువైనవి.