అధికారం రెండు పార్టీలది, ఆలోచన మూడో పార్టీది

కెనడా 1867లో సమాఖ్యగా ఏర్పడిన నాటి నుంచి అక్కడి ప్రధానులందరూ లిబరల్, కన్సర్వేటివ్ అనే రెండు రాజకీయ సంప్రదాయాల నుంచే వచ్చారు. భాషలోనూ మతంలోనూ వేరైన ఇంగ్లిష్, ఫ్రెంచ్ సమాజాలను ఒకే ప్రభుత్వంలో కూర్చోబెట్టడం ఈ పార్టీల తొలి బాధ్యత కాగా, మొదటి ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్ క్విబెక్ నాయకుడు కార్టియేతో కలిసి ఆ పని చేశాడు. 1896లో లిబరల్ పార్టీకి చెందిన విల్‌ఫ్రిడ్ లోరియే తొలి ఫ్రెంచ్ కెనడియన్ ప్రధాని అయ్యాడు. రాజకీయాన్ని ఇంతగా నడిపిన ఈ సంస్థలను నమోదు చేసే పద్ధతి మాత్రం 1970 నాటి ఎన్నికల చట్టంతోనే వచ్చింది. ఆ చట్టం ప్రకారం అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు ముద్రించాలంటే అధినాయకుడి ఆమోదం అప్పట్లో తప్పనిసరి అయింది కనుక, సభ్యులపై నాయకుల పట్టు మరింత బిగిసింది. అయినా భారతదేశంలో ఉన్నటువంటి ఫిరాయింపుల నిరోధక చట్టం అక్కడ లేదు.

కెనడా ప్రజలు తమ దేశానికి గర్వకారణంగా చెప్పుకొనే మెడికేర్, అంటే ప్రభుత్వమే ఖర్చు భరించే వైద్య విధానం, కేంద్రంలో ఎన్నడూ అధికారానికి రాని పార్టీ ఆలోచన. మహామాంద్యం రైతులను, కార్మికులను కుంగదీసిన కాలంలో, 1932లో కాల్గరీ నగరంలో పుట్టిన కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, టామీ డగ్లస్ నాయకత్వాన 1944లో సస్కాచవాన్ రాష్ట్రంలో గెలిచి, ముందు ఆసుపత్రి ఖర్చులకు బీమా కల్పించింది. ఆ పార్టీ కార్మిక సంఘాలతో కలిసి 1961లో న్యూ డెమోక్రటిక్ పార్టీగా మారగా, మరుసటి ఏడాది ఆ రాష్ట్ర ప్రభుత్వం వైద్యుల సమ్మెను తట్టుకొని మెడికేర్‌ను అమలు చేసింది. 1966లో లెస్టర్ పియర్సన్ నడిపిన లిబరల్ మైనారిటీ ప్రభుత్వం, అంటే సభలో సొంత ఆధిక్యత లేని ప్రభుత్వం, దాన్ని దేశమంతటికీ వర్తించే చట్టంగా చేసింది. చిన్న పార్టీల విలువను సీట్లతో మాత్రమే కొలవరాదనడానికి ఇంతకంటే బలమైన నిదర్శనం అక్కర్లేదు.

ఎన్నికల పద్ధతి మాత్రం ఆ విలువను గుర్తించదు. భారతదేశంలో వలెనే నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారే గెలుస్తారు కనుక, ఓట్లు ఒకేచోట పోగుపడిన పార్టీకి లాభం, దేశమంతటా పరచుకున్న పార్టీకి నష్టం. 1988లో 169 స్థానాలు గెలిచిన ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి 1993లో సుమారు 16 శాతం ఓట్లు వచ్చినా 2 స్థానాలే మిగిలాయి; క్విబెక్‌లో మాత్రమే పోటీ చేసిన, ఆ రాష్ట్రం విడిపోవాలని కోరే బ్లాక్ క్విబెక్వా అంతకంటే తక్కువ ఓట్లతో 54 స్థానాలు గెలిచి అధికారిక ప్రతిపక్షమైంది. దేశమంతటి మాట వినిపించే పార్టీ కుప్పకూలి, దేశం నుంచి వేరుపడదామనే పార్టీ ప్రతిపక్ష స్థానంలో కూర్చోవడానికి ఓటర్ల ఆగ్రహమొక్కటే కాక, ఓట్లను సీట్లుగా మార్చే లెక్క కూడా కారణమే. అప్పటికి వేర్వేరు పార్టీలుగా చీలిన కుడిపక్షం మళ్లీ ఒక్కటై నేటి కన్సర్వేటివ్ పార్టీ ఏర్పడటానికి 2003 దాకా పట్టింది.

ఈ పద్ధతిలో జరిగే చివరి ఎన్నికలు 2015వేనని హామీ ఇచ్చిన లిబరల్ నాయకుడు జస్టిన్ ట్రూడో, గెలిచాక 2017లో పద్ధతిని మార్చే ప్రయత్నాన్ని విరమించాడు. ఆ తర్వాత 2019, 2021 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు ఎక్కువ ఓట్లు వచ్చినా లిబరల్‌లకే ఎక్కువ స్థానాలు దక్కాయి. 2025లో న్యూ డెమోక్రటిక్ పార్టీ 7 స్థానాలకు పడిపోయి, దిగువసభ అయిన కామన్స్ సభలో పార్టీగా గుర్తింపుకు కావలసిన 12 మంది సభ్యులు లేక ఆ హోదా కోల్పోయింది.