ఇది, అది, మరొక అది

పిల్లలూ! సైన్సు పాఠం చెప్పే మాస్టారికి కొరియా భాషా వ్యాకరణంతో ఏం పని అని మీరు ఆశ్చర్యపోవచ్చు. పని ఉంది. ఒక వస్తువు ఎక్కడ ఉందో చెప్పాలంటే, ముందు ఎక్కడినుంచి కొలుస్తున్నామో చెప్పాలి కదా! గ్రాఫు కాగితం మీద ఆ చోటునే మూలబిందువు అంటాం. మనం మాట్లాడే మాటల్లో కూడా అలాంటి మూలబిందువు ఒకటి దాగి ఉంటుంది. అయితే అన్ని భాషలూ దాన్ని ఒకే తీరుగా వాడుకోవు. ఈ సంగతి తేటగా బోధపడాలంటే కొరియా భాష మంచి ఉదాహరణ.

మూడు సుద్దముక్కల ప్రయోగం

మూడు సుద్దముక్కలు తీసుకోండి. ఒకటి మీ చేతిలో ఉంచుకోండి. రెండోది గదికి అవతలి పక్క నిలబడ్డ మీ స్నేహితుడికి ఇవ్వండి. మూడోదాన్ని మీ ఇద్దరికీ దూరంగా కిటికీలో పెట్టండి. ఇప్పుడు వేలు చూపకుండా ఈ మూడింటినీ తెలుగులో పేర్కొనండి. మీ చేతిలోది "ఈ సుద్దముక్క". స్నేహితుడి చేతిలోది "ఆ సుద్దముక్క". మరి కిటికీలోది? అదీ "ఆ సుద్దముక్కే"!

చూశారా, వస్తువులు మూడు చోట్ల ఉన్నా మనకున్నవి రెండు మాటలే. ఆ, ఈ, ఏ అనేవి త్రికములని మీరు తెలుగు వ్యాకరణంలో చదువుకున్నారు. అక్కాలము, ఇక్కాలము, ఎక్కాలము అనే త్రికసంధి రూపాలు గుర్తున్నాయి కదూ! వీటిలో "ఏ" ప్రశ్నకు పనికివస్తుంది. కాబట్టి చోటు చెప్పడానికి మిగిలినవి రెండే: దగ్గరికి "ఈ", దూరానికి "ఆ". మూలబిందువు ఒక్కటే, అది మాట్లాడే మనిషి.

కొరియావారి లెక్క

ఉత్తర, దక్షిణ కొరియాలలో ఏడున్నర కోట్లకు పైగా జనం మాట్లాడే భాషలో ఈ పనికి మూడు మాటలున్నాయి. మాట్లాడేవాని దగ్గర ఉన్నదానికి "ఇ". వినేవాని దగ్గర ఉన్నదానికి "గు". ఇద్దరికీ దూరంగా ఉన్నదానికి "జొ". అంటే వారి లెక్కలో మాట్లాడేవానితోపాటు వినేవానికీ స్థానముంది.

పలకడంలో కొంచెం జాగ్రత్త అవసరం. "గు"లోని ఉకారాన్ని పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలకాలి. "జొ"లోని అచ్చు మన ఒకారానికీ అకారానికీ నడుమ ఉంటుంది. అందులోని జకారం "జీవి"లోని జకారం వంటిది, "జాబు"లోని దాని వంటిది కాదు.

కొరియా భాషలో పుస్తకాన్ని "ఛెక్" అంటారు. ఇప్పుడు చూడండి:

ఇ ఛెక్ – నా దగ్గరున్న పుస్తకం
గు ఛెక్ – నీ దగ్గరున్న పుస్తకం
జొ ఛెక్ – మనిద్దరికీ దూరంగా ఉన్న పుస్తకం
ఒను ఛెక్ – ఏ పుస్తకం?

మన ఆ, ఈ లాగానే ఈ మాటలు నామవాచకానికి ముందు వస్తాయి, ఒంటరిగా నిలబడవు. ఒక పుస్తకమైనా పది పుస్తకాలైనా వీటి రూపం మారదు. మనం "ఈ పుస్తకం, ఈ పుస్తకాలు" అన్నట్లే అన్నమాట.

"ఇది, అది" అనాలంటే వస్తువు అనే అర్థమున్న "గొత్" చేర్చాలి. అప్పుడు ఇగొత్, గుగొత్, జొగొత్ అవుతాయి. మామూలు సంభాషణలో చివరి తకారం జారిపోయి ఇగొ, గుగొ, జొగొ అంటారు. చోట్లకు యొగి, గొగి, జొగి అనే మాటలున్నాయి. "ఎక్కడ" అనడానికి "ఒది" అంటారు. మనుషులను గౌరవంగా చెప్పాలంటే ఇబున్, గుబున్, జొబున్ అంటారు. ఇవి మన "ఈయన, ఆయన" వంటివి, కాని "ఆవిడ"కు కూడా అవే చెల్లుతాయి.

మాట మారితే మూలబిందువు మారుతుంది

ఇద్దరి సంభాషణ వినండి. ఒకరు తన చేతిలోని వస్తువును చూపి "ఇగొసున్ ముఒసిమ్నిక్కా?" అంటారు. అంటే "ఇది ఏమిటి?" అని. ఎదుటివారు "గుగొసున్ ఛెగిమ్నిదా" అంటారు. "అది పుస్తకం" అని అర్థం. వస్తువు అంగుళం కూడా కదలలేదు. అయినా "ఇ" కాస్తా "గు" అయింది. ఎందుకని? మాట్లాడే మనిషి మారాడు, కాబట్టి మూలబిందువూ మారింది. కాని అదే వస్తువు కిటికీలో ఉంటే, అడిగేవారూ చెప్పేవారూ ఇద్దరూ "జొగొసున్" అనే మొదలుపెడతారు. ఇద్దరికీ అది దూరమే కదా!

టెలిఫోనులోనైతే ఈ తేడా ఇంకా చక్కగా కనిపిస్తుంది. "గొగి బిగా వాయొ?" అంటే "అక్కడ వాన పడుతోందా?" అని. నీవున్న చోట అని కాబట్టి "గొగి" అన్నారు. అవతలివారు "యొగి బిగా వాయొ" అంటే "ఇక్కడ వానొస్తోంది" అని. మాటల వరుస అచ్చంగా మన వరుసే. పైగా వాన "రావడం" అనే పలుకుబడి కూడా మనదే!

మనవాళ్ళు పొరపడే చోటు

"గు"కి తెలుగు "ఆ", "జొ"కీ తెలుగు "ఆ" అని కంఠస్థం చేసినవారు తప్పకుండా చిక్కులో పడతారు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కొరియా కంపెనీవారి కార్ల కర్మాగారం పనిచేస్తోంది. అటువంటి చోట ఒక కొరియా ఇంజనీరు మన కుర్రవానితో "గు పానా ఇవ్వు" అనే అర్థం వచ్చేలా చెప్పాడనుకుందాం. ఆ పానా కుర్రవాని చేతికిందే ఉంది. అతడు మాత్రం "ఆ పానా" అనుకుని దూరంగా బల్ల మీద ఉన్నదాని కోసం పరుగెత్తుతాడు. భాష ఒక్క అక్షరంలో స్పష్టంగా చెప్పిన సంగతి అనువాదంలో జారిపోయింది.

"గు"కి ఇంకొక పని ఉంది. ఎదుట లేకపోయినా, ఇదివరకే మాటల్లోకి వచ్చినదాన్ని "గు"తోనే చెప్పాలి. "ఆ రోజు" అనాలంటే "గునల్" అనాలి, అక్కడ "జొ" పెట్టకూడదు. "సారమ్" అంటే మనిషి. అల్లంత దూరాన కనిపించే మనిషి "జొ సారమ్". మనం ఇందాక చెప్పుకున్న మనిషి "గు సారమ్". "జొ" అనాలంటే సాధారణంగా ఆ వస్తువు కంటికి కనిపిస్తూ ఉండాలి. మరొక హెచ్చరిక: "నేను" అని వినయంగా చెప్పుకునే మాట కూడా "జొ"యే. నామవాచకం ముందుందా, విడిగా ఉందా అన్నది చూసి అర్థం పోల్చుకోవాలి.

పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్లేనా?

మన "ఈ", వారి "ఇ" ఒకేలా ఉన్నాయి. తెలంగాణలో "ఇగో" అంటే "ఇదిగో". కొరియాలో "ఇగొ" అంటే "ఇది". ప్రాచీన తమిళంలో ఇ, ఉ, అ అని మూడు నిర్దేశకాలుండేవి. శ్రీలంకలోని యాళ్పాణం తమిళంలో నడిమి "ఉ" నేటికీ నిలిచి ఉంది. ఇవన్నీ చూస్తే రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళేమో అనిపిస్తుంది. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్‌కు నిజంగానే అలా తోచింది. కొరియా భాషను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఆయన 1905లో ఒక వ్యాకరణ గ్రంథమే ప్రచురించాడు.

కాని సైన్సులో తోచినంత మాత్రాన చాలదు, పరీక్షించాలి. చుట్టరికానికి గుర్తు ఒకటి రెండు మాటల పోలిక కాదు, మాట తర్వాత మాటలో కనిపించే క్రమం. కన్నడంలో కివి, కెరె, కై. తెలుగులో చెవి, చెరువు, చేయి. అక్కడ కకారం ఉన్నచోట ఇక్కడ వరుసగా చకారం వచ్చింది. ఇది చుట్టరికం. తెలుగుకూ కొరియాకూ మధ్య ఇలాంటి క్రమం రుజువు కాలేదు. ఇక ఒక్క అచ్చుతో ఏర్పడిన చిన్న మాటలు యాదృచ్ఛికంగా కలవడం సులభం. ఇండొనేసియా భాషలో "ఇని" అంటే ఇది, "ఇతు" అంటే అది. రెండింటా ఇకారమే! పైగా కొరియావారు 1446లో తమ లిపిని ప్రకటించుకున్న కాలపు రాతల్లో నేటి "జొ" అనే మాట "ద్యొ" అని ఉంది. నేటి రూపాలు చూసి పోల్చితే మోసపోతామని దీన్నిబట్టి తెలుస్తోంది కదా! అందుకే నేటి భాషావేత్తలు కొరియా భాషను ద్రావిడ కుటుంబంలో చేర్చరు.

చేసి చూడండి

ఈ మూడింటికీ "ఇ, గు, జొ"లలో ఏది తగునో చెప్పండి.

1. మీ మిత్రుని చేతిలోని పుస్తకం.
2. మీ ఇద్దరికీ దూరంగా గోడకున్న గడియారం.
3. నిన్న మీరిద్దరూ చెప్పుకున్న, ఇప్పుడు ఇక్కడ లేని మనిషి.

జవాబులు: 1. గు, 2. జొ, 3. గు.

ఇప్పుడు మీరూ మీ మిత్రుడూ చోట్లు మార్చుకుని, పుస్తకాన్ని అక్కడే ఉంచి, మళ్ళీ చెప్పండి. మూడింటిలో ఏ జవాబు మారింది, ఏవి మారలేదు? ఎందుకో మీ నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి.