బెరుకు పోవాలంటే...

నలుగురిలో నోరు విప్పాలంటే కాళ్లు వణుకుతాయా? ‘నా స్వభావమే ఇంత’ అని సరిపెట్టుకుంటున్నారా? అయితే గౌతమీ తీరాన ఉన్న కపిలేశ్వరపురం సంగతి తెలుసుకోవాల్సిందే!

హరికథ చెప్పడం ఆషామాషీ కాదు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ... పాడుతూ, ఆడుతూ, పిట్టకథలతో నవ్విస్తూ గంటల తరబడి ఒక్కరే జనాన్ని కూర్చోబెట్టాలి. ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్లే చెప్పిన కళ ఇది. కపిలేశ్వరపురం జమీందారు, పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1973లో ఇక్కడ శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను ప్రారంభించారు. ఎందరో ఆడపిల్లలు ఇక్కడ చిడతలు పట్టారు. దాలిపర్తి ఉమామహేశ్వరి వారిలో ఒకరు. సంస్కృతంలోనూ హరికథలు చెప్పి మెప్పించిన ఆమెను 2024లో పద్మశ్రీ వరించింది.

మరి అంత ధైర్యం ఎలా వస్తుంది? ఒక్కరోజులో మాత్రం రాదు. ముందు స్వరం, తర్వాత పద్యం, ఆపైన అడుగు, అభినయం. రోజూ అదే వేళకు, అదే సాధన. పాట నాలుక మీదికి, తాళం చేతిలోకి వచ్చేశాక మనసుకు వాటి బెంగ ఉండదు. అప్పుడిక ఎదుటివారి కళ్లలోకి చూసి కథ చెప్పొచ్చు.

ఇంట్లోనూ ఇదే సూత్రం. రోజూ పది నిమిషాలు పేపర్లో ఓ వార్త పైకి చదవండి. మర్నాడు దాన్నే సొంత మాటల్లో ఇంట్లోవాళ్లకు చెప్పండి. తర్వాత పక్కింటివాళ్లకు, ఆ తర్వాత నలుగురికి.

ధైర్యం వచ్చాక మాట్లాడదామనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. మాట్లాడగా మాట్లాడగానే ధైర్యం వస్తుంది!