పట్టణమున పశువుల కొట్టము

పట్టణములో ఇంటిదొడ్డిని పాడిపశువును కట్టుకొనవచ్చునా యని నన్నడుగువారు పలువురు కలరు. నేను న్యాయవాదిని గాను. బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను, వచ్చిన తాఖీదు చదివిపెట్టుమని ఇరుగుపొరుగువారు తెచ్చుచుందురు గనుక ఈ విషయమున నాకు కొంత పరిచయ మేర్పడినది.

ఈ తగవులు పెక్కింటికి మూలము పశువు గాదు, పొలిమేర. 2007వ సంవత్సరము ఏప్రిలులో హైదరాబాదు నగరపాలక సంస్థతో చుట్టుపట్లనున్న 12 పురపాలక సంఘములను, 8 గ్రామపంచాయతీలను కలిపి మహానగర సంస్థ నేర్పరచిరి. అంతవరకు పంచాయతీ యేలుబడిలో నున్న కొట్టము నాటినుండి 1955 నాటి నగరపాలన చట్టమునకు లోబడినది. గేదె మాత్రము కట్టుగొయ్య విడిచి అడుగైన కదలలేదు. అట్టి గేదె పాలమీదనే కాలము గడపు ముసలమ్మకు ఈ మార్పును తెలుపువా రెవ్వరు? తరచుగా తాఖీదే తొలి వార్త యగుచుండును.

పురపాలక చట్టములు పాడిని తప్పనవు. పొరుగువారికి రోతగాని కీడుగాని కలుగరాదనును. కొన్నిచోట్ల అనుమతిపత్రము కోరును. తగవంతయు పేడయొద్దనే వచ్చును. ఎదిగిన గేదె దినమునకు సుమారు 15 కిలోగ్రాముల పేడ వేయును. రెండు గేదెలున్నచో నెలకు 900 కిలోగ్రాములు! పల్లెలో నిది పెంటకుప్పకును, అటనుండి పొలమునకును పోవును. పట్టణములో పొలమేది? కడుగునీటితో మురుగుకాలువలో బడి, కాలువ పూడి, నీరు నిలిచి, ఈగలు దోమలు ముసరును. దాని ఫలము పొరుగింటి పసిబిడ్డలకు దక్కును. చోటుమాటయు నట్టిదే. గేదె కొక్కింటికి కప్పు క్రింద 4, ఆరుబయట 8 చదరపు మీటర్లు కావలెనని పశుపోషణ శాస్త్రజ్ఞు లందురు. రెంటికి కలిపి సుమారు 29 చదరపు గజములు. నూరుగజములలో ఇల్లు గట్టుకొన్నవాడు దీని నెక్కడ తెచ్చును?

ఇవి దొరలు తెచ్చిపెట్టిన వింత నియమములని కొందరందురు. కౌటిల్యుని అర్థశాస్త్రమును 1909లో శామశాస్త్రిగారు అచ్చొత్తించిరి. అందు గృహములను గూర్చిన ప్రకరణమున, పశువులను కట్టు తావునకును పొరుగువాని గోడకును నడుమ ఎడముండవలెనను కట్టుబాటు కలదు.

ఇక పాలు పితికి పశువును వీథిలోనికి తోలివైచువారియెడ నాకు జాలిలేదు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టము ననుసరించి బందెలదొడ్డికి చేరిన పశువును జరిమానాయు మేతఖర్చును చెల్లించి విడిపించుకొనవలెను. ఏడుదినములలో నెవ్వరును రాకున్న ప్రకటన చేసి, మరి యేడుదినములు చూచి వేలము వేయుదురు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ప్రకారము, తన పశువువలన మనుష్యులకు ప్రాణాపాయముగాని తీవ్రగాయముగాని కలుగకుండ జాగ్రత్తపడనివానికి ఆరునెలల వరకు ఖైదు, లేక 5000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అట్లని పొట్టిపలుపుతో రేయింబవళ్లు కట్టివేయుటయు తగదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము దానిని నేరముగా నెంచినది.

తాఖీదు వచ్చినచో చించివేయకుడు. లోపము కాలువదా, చోటుదా, అనుమతిపత్రముదా యని మొదట చూచి, పిమ్మట గడువెన్ని దినములో లెక్కించుకొనుడు. కాలువదే యైనచో మూతగల పేడగుంత యేర్పరచి, పేడను రైతుబండి కెత్తించు వాడుక చేసికొన్న చాలవరకు తగవు తీరును. చేసిన పనిని గడువులోగా వ్రాతమూలముగా తెలిపి, కాగితము చేరినట్లు కచ్చేరిలో రసీదు పుచ్చుకొనవలెను.