ఎలక్ట్రిక్ కారు స్టీరింగ్ బరువుగా తిరుగుతోందా? ముందు గాలి, తర్వాత చిన్న బ్యాటరీ చూడండి

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించాక పల్లెల్లో కూడా ఈ బండ్లు కొనేవారు పెరుగుతున్నారు. వికారాబాద్, తాండూరు ప్రాంత రైతులకు వీటితో ఎదురయ్యే ఇబ్బందుల్లో స్టీరింగ్ బిగుసుకోవడం ఒకటి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ చెప్పిన మాట వినకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అలాగని వెంటనే స్టీరింగ్ మొత్తం మార్పించాల్సిన పని కూడా లేదు. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది.

స్టీరింగ్ ఎలా పనిచేస్తుంది?

నెక్సాన్ ఈవీ, టియాగో ఈవీ వంటి కార్లలో ఈపీఎస్, అంటే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉంటుంది. ట్రాక్టర్ పవర్ స్టీరింగ్‌లా దీనికి ఆయిల్ పంపు ఉండదు. మీరు స్టీరింగ్ తిప్పే బలాన్ని ఒక సెన్సర్ పసిగడుతుంది, దాన్ని బట్టి చిన్న మోటారు సాయం చేస్తుంది. ఈ మోటారుకు కరెంటు వచ్చేది బండిని నడిపే పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ లైను నుంచి. అందుకే చార్జింగ్ 80 శాతం చూపిస్తున్నా, చిన్న బ్యాటరీ బలహీనపడితే స్టీరింగ్ బరువెక్కుతుంది.

ఒక విషయం గమనించండి. బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ గట్టిగా ఉండటం, వేగం పెరిగేకొద్దీ కొంచెం బిగువుగా అనిపించడం మామూలే. అవి లోపాలు కావు.

లక్షణాన్ని బట్టి కారణం

• నిదానంగా తిప్పేటప్పుడు రెండు వైపులా బరువుగా ఉండి, హెచ్చరిక దీపం వెలగకపోతే: ముందు టైర్లలో గాలి తక్కువ ఉండవచ్చు.
• ఒకసారి తేలిక, ఒకసారి బరువు అయితే: చిన్న బ్యాటరీ, వదులైన టెర్మినల్ లేదా కనెక్టర్‌లో నీరు, మట్టి.
• స్టీరింగ్ గుర్తు ఉన్న దీపం వెలిగితే: కరెంటు, సెన్సర్ లేదా మోటారు వైపు లోపం.
• బండి ఒక పక్కకు లాగుతుంటే: ఆ వైపు టైరులో గాలి తగ్గడం లేదా అలైన్‌మెంట్ తప్పడం.
• మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోతే, కటకట చప్పుడు వస్తే: బాల్ జాయింట్, స్టీరింగ్ కాలమ్ జాయింట్ లేదా పై బేరింగ్ పట్టేయడం.
• ఇరుకు చోట పదేపదే చివరిదాకా తిప్పాక బరువెక్కితే: మోటారు వేడెక్కి సాయం తగ్గించుకుంది. పది, పదిహేను నిమిషాలు ఆపి చూడండి.

మీరే చేసుకోగల పరీక్షలు

1. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌పై ఉంటుంది. బ్యాటరీ వల్ల ఈ కార్లు బరువెక్కువ, గాలి కొద్దిగా తగ్గినా చేతికి తెలుస్తుంది.

2. బండి పూర్తిగా ఆపి, కొంతసేపు ఆగి మళ్లీ ఆన్ చేయండి. దీపం ఆరిపోయినా, మళ్లీ వెలిగితే వదిలేయకండి.

3. ముందు బానెట్ కింద ఉండే 12 వోల్టుల బ్యాటరీ టెర్మినళ్లు బిగువుగా ఉన్నాయో, తెల్లటి లేదా పచ్చటి పొడి పట్టిందో చూడండి. మల్టీమీటర్‌తో కొలిస్తే, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తగ్గితే బ్యాటరీ పరీక్ష చేయించాలి. బండి ఆన్ చేసి నడపడానికి సిద్ధంగా ఉంచితే సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. అంత రాకపోతే చిన్న బ్యాటరీని నింపే కన్వర్టర్‌ను చూపించాలి.

4. చక్రాల లోపలి వైపు చూడండి. నల్లరేగడి బురద ఎండి గట్టిపడినా, నాపరాయి గనుల దారిలో రాయి తగిలి రబ్బరు బూటు చినిగినా దుమ్ము, నీరు జాయింట్లలోకి చేరి తుప్పు పడుతుంది. చినిగిన బూటును వెంటనే మార్పిస్తే జాయింట్ మిగులుతుంది.

నారింజ రంగు వైర్లను ఎట్టి పరిస్థితుల్లో ముట్టకండి. అవి ప్రాణం తీసేంత వోల్టేజీవి. బానెట్ కింద ప్రెషర్ వాటర్ కొట్టించకండి.

మెకానిక్ దగ్గర

ముందు చక్రాలు రెండూ నేల నుంచి ఎత్తి స్టీరింగ్ తిప్పించండి. అప్పుడూ పట్టేస్తుంటే జాయింట్లు లేదా స్టీరింగ్ ర్యాక్‌లో లోపం ఉంది. అలా ఎత్తినప్పుడు తేలికైతే టైర్లు, అలైన్‌మెంట్, కరెంటు సాయం చూడాలి. కంప్యూటర్ స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ రాసిమ్మనండి. బ్యాటరీ పరీక్ష, ఫాల్ట్ కోడ్ చూడకుండా స్టీరింగ్ మొత్తం మార్చాలంటే ఒప్పుకోకండి. వారంటీ ఉంటే బయట వైర్లు కోయించకండి, సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదును జాబ్ కార్డుపై రాయించుకోండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఎలక్ట్రిక్ ఆటోలకు

కూరగాయలు మోసే హ్యాండిల్ ఆటోల్లో పవర్ స్టీరింగ్ ఉండదు. ముందు టైరు గాలి, హ్యాండిల్ బేరింగుల గ్రీజు, బిగింపు చూపించండి. పరిమితికి మించి లోడ్ వేయకండి.

దారిలో స్టీరింగ్ బిగుసుకుంటే

కంగారుపడి స్విచ్ ఆఫ్ చేయకండి. కరెంటు సాయం పోయినా స్టీరింగ్ చక్రాలకు కలిసే ఉంటుంది, బలం ఎక్కువ పెడితే తిరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, ఎడమ పక్కకు తీసి ఆపండి. ఆపి ఆన్ చేసినా తేలిక కాకపోతే ఘాట్ ఎక్కకండి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ను పిలవండి.

కంది లోడు, కుటుంబంతో దూర ప్రయాణం పెట్టుకున్న రోజున బయలుదేరే ముందు గాలి, హెచ్చరిక దీపం చూసుకోండి. దానికి పట్టేది ఐదు నిమిషాలే.